లేబుల్ మీద ఇద్దరం

తాడేపల్లి,
ఫిబ్రవరి మొదటి ఆదివారం.

ఒసేయ్ రత్నం,

క్షేమంగా చేరాను. నువ్వు బస్సు దగ్గర పెట్టిన ఏడుపు చూసి కండక్టరు "మీ అక్కగారాండీ?" అని అడిగాడు. అవునన్నాను. మన ఊరు దాటాక ఎవర్ని ఏమని చెప్పుకున్నా అడిగేవాళ్ళెవరు?

ఫోన్ చేద్దామంటే మీ ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను, అదేమో మీ ఆయన బాపయ్యగారి జేబులో ఉంటుంది. నేను చేస్తే ఆయన స్పీకరు పెట్టి మీ అత్తగారి దాకా వినిపిస్తారు. అందుకని ఉత్తరాలే రాస్తాను. చిన్నప్పుడు వేసవి సెలవల్లో మా అమ్మమ్మగారి ఊరి నుంచి రాసేదాన్ని చూడు, అలాగే. అప్పుడు నా ఉత్తరాలు మీ నాన్నకి దొరక్కుండా బియ్యం డబ్బాలో దాచేదానివి. ఇప్పుడు ఎక్కడ దాస్తావో నీ ఇష్టం.

ఇక్కడ చదువు సంగతి చెప్పనా? పల్లెటూళ్ళలో చిన్న చిన్న వ్యాపారాలు చేసుకునే ఆడవాళ్ళకి మూడు నెలలు శిక్షణ అన్నారు కదా. నిజంగానే పొద్దున్నుంచి సాయంత్రం దాకా క్లాసులే. చీరాల నుంచి చేనేత చీరల ఆవిడ వచ్చింది. నా గదిలో ఉన్నామె పేరు హయాత్ బీ, ఇంట్లోనే బిస్కెట్లు చేసి అమ్ముతుంది. పడుకుంటే గురక పెడుతుంది గానీ మనిషి బంగారం. ఒక్కో షెడ్డు నుంచి ఒక్కరినే రమ్మన్నారని నువ్వు ఆగిపోయావు. రావలసినదానివి నువ్వు. పచ్చళ్ళ షెడ్డు మీది, లైసెన్సు నీ పేరు మీద ఉంది. మీ అత్తగారి మోకాళ్ళూ, బాపయ్యగారి ముఖమూ చూసి నన్ను తోశావు. అందుకే విన్నది విన్నట్టు నీకు రాసి పంపిస్తాను. మూడు నెలలయ్యాక నీకు కూడా సర్టిఫికెట్టు ఇమ్మని అడుగుతాను.

అమ్మకాల క్లాసు చెప్పేది శ్యామ్ సుందర్ గారని ఒకాయన. నిన్న మన పండుమిర్చి పచ్చడి సీసా పట్టుకుని అటూ ఇటూ తిప్పి "అమ్మా, ఇది ఎవరు చేశారు?" అన్నాడు. మేమేనండీ అన్నాను. "మరి మీరెక్కడ? సీసా మీద మిరపకాయ బొమ్మ ఉంది. మిరపకాయ చేసిందా పచ్చడి?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. చేసినవాళ్ళ ముఖం లేబుల్ మీద కనిపిస్తే కొనేవాళ్ళకి నమ్మకం కుదురుతుందట. ఫోటో కూడా స్టూడియోలో బిగుసుకుని తీయించుకున్నది కాకూడదట, పని చేస్తుండగా తీసింది కావాలట.

నాకు వెంటనే ఏం గుర్తొచ్చిందో తెలుసా? పోయిన సీజన్లో శ్రీరమ్య హాస్టల్ నుంచి వచ్చినప్పుడు తీసిన ఫోటో. మనిద్దరం బేసిన్ ముందు కూర్చుని, మణికట్ల దాకా పచ్చడిలో చేతులు పెట్టి, దేనికో పడీ పడీ నవ్వుతున్నాం చూడు. అది పంపమని మీ అమ్మాయికి చెప్పు. పేరు కూడా ఆలోచించాను. ఇద్దరక్కల పచ్చళ్ళు. ఎట్లా ఉంది?

నీ
ఎలీసమ్మ

చినమద్దులపాలెం,
ఫిబ్రవరి 14.

ఎలీసూ,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. పోస్టుమాన్ సుభానీ "ఏంటమ్మా, ఈ రోజుల్లో కూడా ఉత్తరాలా?" అని వింతగా చూశాడు. ఈసారి బియ్యం డబ్బాలో పెట్టలేదులే. షెడ్డులో ఖాళీ జాడీలో పెట్టాను. అత్తయ్య అంత దూరం నడవలేదు కదా.

పేరు నాకు బాగా నచ్చింది. ఫోటో సంగతి చెప్తే శ్రీరమ్య ఎగిరి గంతేసింది. లేబుల్ కూడా తనే ఫోన్లో తయారు చేసింది. ఎర్ర అంచు, మధ్యలో మనిద్దరం, కింద పేరు. చీరాలలో అచ్చు వేయించి తెచ్చాను. నా జుట్టు ఎట్లా ఎగిరిపోయి ఉందో చూడు! నువ్వు మాత్రం సినిమా హీరోయిన్‌లా ఉన్నావు. ఈయన లేబుల్ చూసి "ఊఁ" అన్నారు. ఊఁ అన్నారంటే బాగున్నట్టే లెక్క.

నువ్వు లేకపోతే షెడ్డు బోసిగా ఉందే. తొడిమలు తీయడానికి ఇద్దరు కూలీలను పెట్టాను. మాట్లాడరు, పాడరు. నీ ఆదివారం చర్చి పాటలు విని విని నాకే నోటికొచ్చేశాయి. మొన్న కాయ కడుగుతూ ఒకటి పాడుకుంటుంటే అత్తయ్య "అదేం పాటే?" అంది. సినిమా పాట అత్తయ్యా అన్నాను.

కొత్త లేబుల్ వేసిన సీసాలు రేపటి నుంచి ఊళ్ళో ఇస్తున్నాను. ముందు మన ఊరివాళ్ళు చూడాలి. ఎంత సంతోషంగా ఉందో రాయడం రావట్లేదు. ఒక లేబుల్ ఇందులో పెట్టాను, మీ శ్యామ్ సుందర్ గారికి చూపించు.

నీ
రత్నం

తాడేపల్లి,
ఫిబ్రవరి 20.

ఒసేయ్ హీరోయినూ,

హీరోయిన్ నువ్వే. నేను పక్కన స్నేహితురాలి వేషం.

లేబుల్ చూసి శ్యామ్ సుందర్ గారు ఏం చేశారో తెలుసా? పెద్దగా అచ్చు వేయించి క్లాసు గోడకి అంటించారు. "ఇదీ లేబుల్ అంటే! వీళ్ళిద్దర్నీ చూస్తే పచ్చడి తినాలనిపిస్తుందా లేదా?" అని అందర్నీ అడిగారు. రోజూ క్లాసులో కూర్చుని మన ముఖాలే చూసుకుంటున్నాను. పాఠం బుర్రకెక్కడం లేదు. ఊరవతల మా పల్లెలో పుట్టినదాని ముఖం ఒక గోడ మీద, పెద్దపెద్దవాళ్ళు తిరిగే చోట! మా అమ్మ ఉంటే ఎంత సంబరపడేదో. మా తమ్ముడు జయరావుకి ఫోన్లో చెప్తే "నీకు పొగరెక్కింది" అన్నాడు. ఎక్కనీ.

ఇక్కడ ఒకామె అడిగింది, మీరిద్దరూ ఒకే కులమా అని. కాదన్నాను. మరి ఎట్లా కలిసి చేస్తారు, ఊళ్ళో ఏమీ అనరా అంది. నేను నవ్వేశాను. నిజం చెప్తే చాలా పెద్ద కథ కదా. పచ్చి కాయ దగ్గర నేను, ఉప్పు పడ్డాక నువ్వు. ఊరికి చెప్పే లెక్క అది. కాయ కడగడం, ఆరబెట్టడం, తొడిమలు తీయడం ఎవరు చేసినా తప్పులేదు, ఉప్పు తగిలాక మాత్రం మీ వాళ్ళ చెయ్యే ఉండాలి. షెడ్డు తలుపు మూసుకున్నాక మన లెక్క మనది. ఎవరైనా వస్తున్న చప్పుడైతే నేను బేసిన్లోంచి చేతులు తీసి, కొంగుకి తుడుచుకుని, కాయల కుప్ప దగ్గరికి జరిగేదాన్ని. ఎన్ని చీరలు ఖరాబయ్యాయో! ఇకనుంచి ఆ తుడుచుకోవడం ఉండదు. సీసా మీదే ఉంది కదా, ఇంకేం దాస్తాం?

గుడి అన్నదానానికి సీసాలు పంపావా? పచ్చడికి ఆర్డరిచ్చిన పెళ్ళివాళ్ళు ఏమన్నారు? వివరంగా రాయి.

ఎలీసమ్మ

చినమద్దులపాలెం,
మార్చి 4.

ఎలీసూ,

ఉత్తరం అందింది. ఆలస్యమైనందుకు ఏమీ అనుకోకు. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు మళ్ళీ ఎక్కువయ్యాయి, చీరాల తీసుకెళ్ళి వచ్చాం. మబ్బు పట్టింది. కల్లాల్లో కాయ పోసినవాళ్ళంతా పట్టాలు పట్టుకుని పరిగెడుతున్నారు. మన కాయ తడవలేదులే. తెల్ల పిల్లి మన షెడ్డులోనే ఈనింది, నీ పీట కింద. మూడో నాలుగో పిల్లలు.

అమ్మకాలు కొంచెం నెమ్మదిగా ఉన్నాయి. పరీక్షల రోజులు కదా. అందుకే అయుంటుంది.

నువ్వు బాగా చదువుకో. అక్కడ భోజనం బాగుంటుందా? పెరుగు పోస్తారా?

రత్నం

తాడేపల్లి,
మార్చి 11.

రత్నం,

పిల్లి సంగతి రాశావు, మబ్బు సంగతి రాశావు, పెరుగు సంగతి అడిగావు. నేనడిగింది మాత్రం రాయలేదు. పరీక్షలు రాసే పిల్లలు పచ్చడి మానేస్తారా? ఎవరికి చెప్తావే ఆ మాటలు?

ఏం జరిగిందో రాయి. బాపయ్యగారు ఏమన్నా అన్నారా? నేను లేనందువల్ల నీకు పని ఎక్కువైందా? నా మీద కోపం ఉంటే తిట్టు, పడతాను. నువ్వు ఇట్లా ముక్తసరిగా రాస్తే మాత్రం నాకు అన్నం సయించదు. హయాత్ బీ నా ముఖం చూసి ఎవరైనా పోయారా అని అడిగింది.

ఇంకో సంగతి. శిక్షణ చివర్లో ఇక్కడే మా క్లాసు హాల్లో సంత పెడతారట. ఎవరి సరుకు వాళ్ళు బల్ల మీద పెట్టుకుని అమ్మాలి. విజయవాడ నుంచి కొట్లవాళ్ళు, బ్యాంకువాళ్ళు వస్తారు. ఇద్దరక్కల పచ్చళ్ళకి మధ్యలో బల్ల ఇచ్చారు, గోడ మీద బొమ్మకి సరిగ్గా ఎదురుగా. బస్సు పార్సిల్లో సీసాలు పంపించు. వీలైతే నువ్వే రావే. ఇద్దరం నిలబడి అమ్ముదాం.

ఎలీసమ్మ

చినమద్దులపాలెం,
ఏప్రిల్ 9.

ఎలీసూ,

సీసాలు ఈ రోజు బస్సులో వేశాను. నేను రాలేను. పార్సిల్ విప్పాక నన్ను ఏమీ అనుకోకు. సంత అయ్యాక అన్నీ వివరంగా రాస్తాను.

రత్నం

తాడేపల్లి,
ఏప్రిల్ 13.

రత్నం,

సంత బాగా జరిగింది. సీసాలన్నీ అమ్ముడుపోయాయి. ముందు ఆ మాట చెప్పేస్తే నువ్వు స్థిమితంగా చదువుతావు.

పార్సిల్ అందరి ముందే విప్పాను. మా బల్ల చుట్టూ చేరి హయాత్ బీ, చీరాల ఆవిడ, ఇంకా నలుగురు సాయం పట్టారు. మొదటి సీసా హయాత్ బీ తీసింది. చూసి గబుక్కున మళ్ళీ అట్టపెట్టెలో పెట్టేయబోయింది. నేనే లాక్కుని చూశాను. కోటిరత్నం పచ్చళ్ళు. ఎర్ర అంచు అదే. ఫోటో అదే. అందులో నువ్వు ఒక్కదానివే నవ్వుతున్నావు.

ఎదురుగా గోడ మీద ఇద్దరం ఉన్నాం. బల్ల మీద సీసాల నిండా నువ్వే ఉన్నావు. శ్యామ్ సుందర్ గారు వచ్చి రెండూ చూశారు. "ఏంటమ్మా ఇది?" అన్నారు. నేను సీసాలు సర్దుతూనే ఉన్నాను. ఆయన వెళ్ళి నిచ్చెన తెప్పించి గోడ మీద కాగితం తీయించేశారు. నా మంచికే చేశారులే. అయినా ఆ కాగితం చింపుతుంటే వచ్చిన చప్పుడు నేను భరించలేకపోయాను.

అచ్చు వేసినవాడు నన్ను సరిగ్గా కత్తిరించలేదే. ముఖం తీసేశాడు, భుజం తీసేశాడు, బేసిన్లో ఉన్న నా కుడి చెయ్యి మర్చిపోయాడు. విజయవాడ నుంచి వచ్చిన ఒకామె సీసా పైకెత్తి చూసి "ఇదేంటమ్మా, ఈవిడకి మూడు చేతులున్నాయా?" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఏం చేయమంటావు మరి? "ఈవిడ మీకేమవుతారు?" అని అడిగింది. "ఆవిడే చేస్తారండీ. నేను అమ్మడానికి వచ్చిన మనిషిని" అన్నాను. ఆమె ఒకటి అడిగి రెండు తీసుకుంది.

సాయంత్రం గదికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. సిగ్గుపడకుండా చెప్తున్నాను, గట్టిగానే ఏడ్చాను. ముఖం తీసెయ్యాల్సి వస్తే ముందు నాకొక మాట రాయాల్సింది కదే. నేనే తీసెయ్యమనేదాన్ని.

ఎలీసమ్మ

చినమద్దులపాలెం,
ఏప్రిల్ 18.

ఎలీసూ,

నువ్వు తిట్టినా బాగుండేది.

అన్నీ రాస్తాను. లేబుల్ వేసి సీసాలు ఇచ్చిన మర్నాడే మా పిన్నత్తగారు తన సీసా తెచ్చి మా అరుగు మీద పెట్టి వెళ్ళిపోయింది. మూత కూడా తీయలేదు. తర్వాత ఇంకొకరు. ఆ తర్వాత వరసపెట్టి ఎవరో ఒకరు. మాట అనేవాళ్ళు లేరు, సీసా పెట్టి వెళ్ళేవాళ్ళే. అరుగంతా సీసాలు. మన ఇద్దరి ముఖాలు వీధివైపు తిరిగి నవ్వుతుంటే చూడలేక గోనెపట్టా కప్పాను. గుడివాళ్ళు అన్నదానానికి పచ్చడి వద్దని కబురు పంపారు. పెళ్ళివాళ్ళు ఇంటికొచ్చి మరీ అడిగారు, "పచ్చట్లో చెయ్యి పెట్టిన ఆ రెండో ఆవిడ పల్లె మనిషి కదూ?" అని.

ఇన్నేళ్ళుగా తింటున్నారు ఎలీసూ. నువ్వు కలిపిందే తిన్నారు, బాగుందని మళ్ళీ అడిగి తిన్నారు. వాళ్ళకి తెలియదనుకున్నావా? అందరికీ తెలుసు. తెలిసినా ఫర్వాలేదట, కళ్ళకి కనపడకపోతే చాలట. బొమ్మ వేసి మనమే చూపించాం. చూశాక, తెలియనట్టు ఉండటం వాళ్ళకి కుదరలేదు. మీ శ్యామ్ సుందర్ గారు చెప్పింది పట్నానికి నిజమే. మన ఊరి సంగతి ఆయనకేం తెలుసు? మనకి తెలుసు. నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ సంతోషంలో ఇద్దరం మర్చిపోయాం.

ఈయన షెడ్డుకి తాళం వేస్తానన్నారు. తాళం పడితే నీకూ పని ఉండదు, నాకూ ఉండదు. అందుకని లేబుల్ మార్చాను. శ్రీరమ్యని చేయమంటే చేయనని ఫోన్ పెట్టేసింది. ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. చీరాల అచ్చువాడితోనే కత్తిరింపించాను. నీకు ముందే రాద్దామని కూర్చుంటే చెయ్యి ఆడలేదు, పిల్లి సంగతి రాశాను.

శిక్షణ అయ్యాక నువ్వు రా. అంతా మామూలే. బయటివాళ్ళు వచ్చినప్పుడు కాయల దగ్గర కూర్చో, తలుపేసుకున్నాక మన లెక్క మనది. ముందు ఎట్లా ఉన్నామో అట్లాగే ఉందాం. నువ్వు లేకుండా నా వల్ల కాదు.

నీ
రత్నం

వేటపాలెం,
మే 6.

కోటిరత్నం గారికి,

శిక్షణ అయిపోయింది. సర్టిఫికెట్టు ఇచ్చారు. నేను ఊరికి రాలేదు. ఇక్కడ మా మేనత్త ఇంట్లో ఉండి జీడిపప్పు యూనిట్‌కి వెళ్తున్నాను. సాంతంగా ఉన్న గుళ్ళు వేరు, విరిగిన బద్దలు వేరు చేయడం పని. ఇక్కడ సంచుల మీద ఎవరి బొమ్మా ఉండదు.

లేబుల్ గురించి మీరు రాసింది చదివాను. కోపం వచ్చింది, పోయింది. ప్రార్థనలో పెట్టుకున్నాను. మీకున్న ఇబ్బంది నాకు తెలియనిది కాదు. కొన్నాళ్ళాగి వద్దామనే అనుకున్నాను.

పోయిన వారం ఇక్కడి పనికోసం నా పీటా, పాత చీరలూ తెమ్మని జయరావుని షెడ్డుకి పంపాను. గడప దగ్గర పసుపునీళ్ళు ఎండిన మరకలు కనిపించాయట. పిచ్చివాడు, ఏదో పూజనుకున్నాడు. కూలికొచ్చిన వాళ్ళు చెప్పారట, ఆర్డర్లు మళ్ళీ ఇవ్వాలంటే షెడ్డు శుద్ధి చేయాలని పెద్దలు అన్నారని. రోలు కడిగారట. బేసిన్ కడిగారట. నేను కూర్చునే పీట బయట పారేశారట. జయరావు ఆ పీట తెచ్చి మా ఇంటి ముందు పెట్టి, దాని మీద కూర్చుని నాకు ఫోన్ చేశాడు. ఇవన్నీ చెప్తూ చెప్తూ ఏడ్చేశాడు.

నేనిక ఏమీ అడగను. ఒక్కటి మాత్రం చెప్పండి. ఆ నీళ్ళు చల్లింది ఎవరు? మీ అత్తగారా? బాపయ్యగారా? అది తెలిస్తే మిగతావన్నీ నేను మనసులోంచి తీసేయగలను.

ఎలీసమ్మ

చినమద్దులపాలెం,
మే 13.

ఎలీసూ,

గారికి అని రాశావు. చాలా రకాలుగా జవాబు రాసి చించేశాను.

అత్తయ్యకి మోకాళ్ళు వంగవు. ఈయన గుమ్మం బయటే నిలబడ్డారు. ఊరిపెద్దలు ముగ్గురొచ్చారు. "పచ్చడి చేసేది నీ చేత్తో కదమ్మా, నువ్వే చల్లాలి" అని చెంబు నాకిచ్చారు. నేనే చల్లాను. రోటి మీద, బేసిన్లో, నువ్వు కూర్చునే చోట. చెయ్యి వణికిందని రాస్తే నీకు కొంచెం హాయిగా ఉంటుందేమో. వణకలేదు. తొందరగా అయిపోతే చాలనుకుంటూ చల్లాను. అయ్యాక వాళ్ళకి మజ్జిగ ఇచ్చాను.

ఆ రోజు నుంచీ షెడ్డులోకి అడుగు పెడుతుంటే నాకే ఏదోగా ఉంటోంది. ఆర్డర్లు మళ్ళీ వస్తున్నాయి. గుడివాళ్ళు కూడా తీసుకున్నారు. నాకు వాటి మీద ధ్యాస లేదు.

నువ్వు అడిగావు కాబట్టి దాచలేదు. నీ దగ్గర అబద్ధం చెప్పి నిన్ను పిలవడం నాకిష్టం లేదు. అన్నీ తెలిసే నువ్వు రావాలి. వస్తావు కదూ?

నీ రత్నం

వేటపాలెం,
మే 19.

రత్నం,

ఉత్తరం అందింది.

నేను ఎందుకు అడిగానో నీకు అర్థం కాలేదే. నువ్వే చల్లి ఉంటావని జయరావు ఫోన్లో ఏడుస్తున్నప్పుడే నాకు తెలిసిపోయింది. మీ ఇంట్లో ఇంకెవరు చల్లుతారు? అయినా "మా అత్తయ్య చల్లింది" అని ఒక్క ముక్క రాస్తావని కూర్చున్నాను. నమ్మేద్దామని నిర్ణయించుకునే కూర్చున్నాను. మా మేనత్తకి వెళ్ళొస్తానని కూడా చెప్పేశాను. బట్టలు సర్దుకున్నాను. నీ ఉత్తరం చదివాక అవన్నీ తీసి మళ్ళీ దండెం మీద వేశాను.

నిజం రాయడం గొప్పేనేమో. నిన్ను మెచ్చుకోవాలి. ఇప్పుడు నాకు చేతకావడం లేదు.

నువ్వు చెడ్డదానివి కాదు. ఈ మాట ఎవరి ముందైనా చెప్తాను. కానీ రాలేను. ఇక రాయకు. నీ ఉత్తరం వస్తే నేను చదవకుండా ఉండలేను, చదివితే ఆ రోజంతా పని సాగదు.

నా గురించి ఊరందరికీ ఇన్నేళ్ళపాటు అబద్ధం చెప్పావు కదే. నాకూ ఒక్కటి చెప్పి ఉంటే వచ్చేదాన్ని.

ఎలీసమ్మ